పదకొండేళ్ల పాపకు బాస్కెట్‌బాల్ ప్రైవేట్ కోచింగ్ పెట్టించొచ్చా? (బెంగళూరు, బెల్లందూరు వైపు)

బెల్లందూరు_అమ్మ:

నమస్కారం అందరికీ. మాది గుంటూరు, ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి బెల్లందూరులో ఉంటున్నాం. మా పాపకు పదకొండేళ్లు, ఆరో తరగతి. ఏడాదిగా స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతోంది. ముప్పై మంది పిల్లలకు ఒక్కరే సార్. లైన్లో నిలబడి తన వంతు వచ్చేసరికే పీరియడ్ అయిపోతోందని ఇంటికొచ్చి దిగులుపడుతుంది.

మా అపార్ట్‌మెంట్‌కు వచ్చే ఒక కోచ్ విడిగా నేర్పుతానంటున్నారు. గంటకు పన్నెండు వందలు, వారానికి మూడు రోజులు, మూడు నెలల డబ్బు ముందే కట్టాలట. మొన్న ట్రయల్ క్లాసులో పెద్దవాళ్లు ఆడే బంతి ఇచ్చి రింగుకు చాలా దూరంలో ఉండే త్రీ పాయింట్ లైన్ దగ్గర నుంచి వేయించారు. పాప రెండు చేతులతో నడుం దగ్గర నుంచి విసిరింది. ఒక్కటీ రింగుకు తగల్లేదు. "బలం వస్తే షాట్ అదే వస్తుందండీ" అన్నారాయన. రాత్రి పాప భుజం నొప్పంది.

మా అత్తగారు "ఆడించమ్మా, పొడుగవుతుంది" అంటారు. మా వారేమో "ఆటకి ఇంత డబ్బు దేనికి?" అంటారు. నాకైతే పాప ఇష్టం కనబడుతోంది. పొద్దున స్కూలు బస్సు రాకముందు కూడా కిందకెళ్లి బంతి కొట్టుకుంటుంది. నేనెప్పుడూ ఏ ఆటా ఆడలేదు, అందుకే ఎవరు బాగా నేర్పుతారో, ఎవరు నేర్పరో నాకు తెలియట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సర్జాపూర్_నాన్న:

అక్కా, మూడు నెలల డబ్బు మాత్రం ముందే కట్టకండి. నెలకు నెల ఇస్తామని చెప్పండి, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మా అబ్బాయికి పదమూడు. మా సొసైటీలో నలుగురు పిల్లల్ని కలిపి ఒకే కోచ్‌ని పెట్టుకున్నాం. ఫీజు నాలుగు భాగాలైంది, పిల్లలకు తోడూ దొరికింది. ఒక్కడే ఉన్నప్పుడు మావాడు అరగంటకే డల్ అయిపోయేవాడు.

ఇంకో మాట, మీ కోర్టు టైమింగ్స్ అసోసియేషన్‌లో ముందే అడగండి. మా దగ్గర కోర్టు పార్కింగ్ పైకప్పు మీద ఉంటుంది. ఎనిమిది దాటాక బంతి చప్పుడైతే పక్క ఫ్లాట్లవాళ్లు ఊరుకోరు.

పాత_పీఈటీ:

అమ్మా, నేను అనంతపురం జిల్లాలో పీఈటీగా, అంటే స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బనశంకరిలో కొడుకు దగ్గర ఉంటూ, పొద్దున పూట చుట్టుపక్కల పిల్లలకు ఆట నేర్పుతున్నాను. మీ పాప భుజం నొప్పి అందని చదివాక ఊరుకోలేకపోయాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు బంతి సంగతి. మగవాళ్ల మ్యాచ్‌లలో వాడేది ఏడో నంబరు, చుట్టుకొలత 75 సెంటీమీటర్ల పైనే, బరువు 600 గ్రాములకు అటూ ఇటూ. ఆడవాళ్ల మ్యాచ్‌లకు ఆరో నంబరు. పన్నెండు లోపు పిల్లలకు ఐదో నంబరు, అది అర కిలో కూడా ఉండదు. రింగు ఎత్తు కూడా అంతే. పెద్దలకు 3.05 మీటర్లు, అంటే పదడుగులు. పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కు 2.60 మీటర్లే. ఇక త్రీ పాయింట్ లైన్ అంతర్జాతీయ కొలత 6.75 మీటర్లు, పెద్దవాళ్ల కోసం గీసిన గీత అది. పదకొండేళ్ల పిల్ల ఏడో నంబరు బంతిని అక్కడి నుంచి రింగు దాకా పంపాలంటే వీపు వెనక్కి వంచి, రెండు చేతులతో తోయక తప్పదు. రోజూ అలాగే వేస్తే చేతికి అదే అలవాటైపోతుంది. తర్వాత బలం వచ్చినా ఆ తోపుడు పోదు. దాన్ని మాన్పించడానికి పట్టే టైము, మొదటిసారి నేర్పడానికి పట్టే టైము కన్నా చాలా ఎక్కువ. అందుకే బలం వస్తే షాట్ అదే వస్తుందన్న మాట నేను ఒప్పుకోను.

షాట్ ఎలా మొదలుపెట్టాలో చెప్తాను, మీరు పక్కన కూర్చుని చూడొచ్చు. పాపను రింగుకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబెట్టాలి. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోమనాలి. బంతి కుడి అరచేతిలో అతుక్కుని ఉండకూడదు, వేళ్ల మీద నిలవాలి. మోచెయ్యి పక్కకు పోకుండా రింగు వైపే ఉండాలి. మోకాళ్లు కొంచెం వంచి, లేస్తూ లేస్తూ చెయ్యి చాపి, ఆఖర్న మణికట్టు కిందికి వాల్చాలి. అలా ఒంటి చేత్తో బంతి నేరుగా పోతున్నప్పుడు ఎడమ చెయ్యి తెచ్చి పక్కన ఆనించాలి. ఆనించడానికే, తోయడానికి కాదు. అప్పుడు గాల్లో బంతి మీదున్న నల్ల గీతలు చూడండి. అవి నేరుగా వెనక్కి తిరుగుతుంటే చెయ్యి బాగా పడినట్టు. పక్కకు తిరుగుతున్నాయంటే ఎడమ చేతి బొటనవేలు బంతిని నెట్టేస్తోందన్నమాట. బాగా ఆడే కాలేజీ పిల్లల్లోనూ ఈ బొటనవేలి తప్పు చూస్తుంటాను. దీనికి మీకు ఆట తెలియాల్సిన పని లేదు, కళ్లుంటే చాలు. ఆ దగ్గర షాట్ కుదిరాకే ఒక్కో అడుగు వెనక్కి జరపాలి.

ఒక్కరికే నేర్పడంలో లాభం ఎక్కడుందంటే, ఇదిగో ఇలాంటి చోట. షాట్, ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ పోవడం), లేఅప్‌లో (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్) అడుగులు, పరుగులో బంతి అందుకుని ట్రావెలింగ్ (బంతి నేలకు కొట్టకుండా అడుగులు వేసే తప్పు) అవకుండా రెండు కాళ్ల మీద ఆగడం. ముప్పై మంది లైన్లో ఉన్నప్పుడు ఏ సారూ వీటిని ఒక్కొక్కరికీ సరిచేయలేరు, అది ఆయన తప్పు కాదు. కానీ పాస్ ఎప్పుడివ్వాలి, ఖాళీ ఎక్కడుంది, డిఫెన్స్‌లో ఎవర్ని వదిలి ఎవరి మీదికి వెళ్లాలి, ఇవి ఎదురుగా మనుషులు లేకుండా రావు. ప్లాస్టిక్ కోన్‌ల మధ్య చక్కగా డ్రిబుల్ చేసే పిల్లలు ఎదురుగా ఒక మనిషి చెయ్యి చాచగానే తల దించేసి బంతినే చూస్తారు. కాబట్టి స్కూలు గ్రూపు మాన్పించకండి. వారానికి ఒక రోజు విడిగా నేర్పిస్తే మీ పాప వయసుకు చాలు. మిగిలిన రోజుల్లో తోటి పిల్లలతో ముగ్గురు ముగ్గురుగా మ్యాచ్‌లు ఆడుకోనివ్వండి.

కోచ్ మంచివాడా కాదా అన్నది పిల్ల తప్పు చేసినప్పుడు తెలుస్తుంది. "గట్టిగా వెయ్యి, ఇంకా గట్టిగా" అని మాత్రమే అంటుంటే ఆయన దగ్గర చెప్పడానికి ఇంకేం లేదని అర్థం. "మోచెయ్యి లోపలికి" అని ఒక్క ముక్క చెప్పి, మళ్లీ వేయించి, కుదిరిందో లేదో చూసి, ఆ తర్వాతే రెండో తప్పు జోలికి వెళ్లేవాడు దొరికితే వదలకండి. ఒకేసారి ఐదు తప్పులు చెప్తే పిల్లలకు ఒక్కటీ ఎక్కదు.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. కోచ్ ఎవరైనా సరే, ఆడైనా మగైనా, క్లాసు అందరికీ కనబడే చోటే జరగాలి. మీరో, ఇంట్లో ఇంకెవరో అక్కడ కూర్చోవాలి. ఫోన్ మెసేజ్‌లు పాపకు కాదు, మీకే రావాలి. దీనికి నొచ్చుకునే కోచ్ మనకు వద్దు. నేను నేర్పే పిల్లల ఇళ్లలో ఈ మాట ముందే నేనే చెప్తాను.

పొడుగు విషయం మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. ఎత్తు చాలావరకు అమ్మానాన్నల నుంచి వస్తుంది, ఆ పైన తిండి, నిద్ర. పొడుగ్గా ఉన్నవాళ్లు ఈ ఆటలో నిలుస్తారు కాబట్టి ఆట వల్లే పొడుగయ్యారని అనుకుంటాం, అంతే. ఆమె ఆడించమనడం మాత్రం మంచిదే, ఆ మద్దతు పోగొట్టుకోకండి.

జయనగర్_ఫిజియో:

పీఈటీ సార్ బాగా చెప్పారు. ఒళ్లు గురించి నాలుగు మాటలు కలుపుతాను. ఎదిగే వయసులో గెంతులు ఎక్కువైతే మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి, వాపు వస్తాయి. ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఆడే టైము తగ్గిస్తే చాలామందికి సర్దుకుంటుంది, కానీ నొప్పి మీద ఆడించకూడదు. పాప గెంతి దిగేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలుతున్నాయేమో చూడండి. అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ గాయాలు ఎక్కువ, అందుకే మెత్తగా, మోకాళ్లు వంచి దిగడం చిన్నప్పుడే నేర్పాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, అక్కడి బాస్కెట్‌బాల్ సంఘం యూఎస్‌ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన సూచనల్లో కూడా 14 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టేయొద్దని ఉంది. ఈతో, పరుగో, ఇంకేదైనా ఆడనివ్వండి. భుజం నొప్పి వారంలో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

బెల్లందూరు_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న పాప చేత ముందు ఒంటి చేత్తో, తర్వాత ఎడమ చెయ్యి ఆనించి వేయించాను, అప్పుడు గీతలు పక్కకు తిరగడం నిజంగానే కనబడింది! భుజం నొప్పి తగ్గింది. ఆ కోచ్‌కి వద్దని చెప్పేశాం. మా బ్లాకులో ఇంకో ఇద్దరు అమ్మాయిల తల్లులు కలుస్తామన్నారు. సార్, బంతి, బూట్లు ఏవి కొనాలి? ఇంకా మా వారికి ఏం చెప్పమంటారు?

పాత_పీఈటీ:

సంతోషం అమ్మా. మీ వారికి ఉద్యోగం, కోటా అని ఆశ పెట్టొద్దు, అది చాలా దూరం మాట. చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై దేశానికి కెప్టెన్‌గా ఆడి 2021లో పద్మశ్రీ అందుకుంది, కానీ ఆ దారిలో అంతదాకా వెళ్లేది ఎందరు? ఆయన్ని పాపతో కలిపి ఒక మంచి మ్యాచ్‌కు పంపండి. కంఠీరవ ఇండోర్ స్టేడియం మన ఊళ్లోనే ఉంది. 2017లో ఆసియా కప్ డివిజన్ బి ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్థాన్‌ను 75-73తో ఓడించి పై డివిజన్‌కు వెళ్లింది అక్కడే. స్కూళ్ల మధ్య అండర్ 14 మ్యాచ్ అయినా సరే, కూతురి పక్కన కూర్చుని చూస్తే మీరు చెప్పాల్సిన పని ఉండదు.

బంతి ఇప్పుడు ఐదో నంబరు, పన్నెండు నిండాక ఆరో నంబరు. మీది సిమెంటు కోర్టు అయితే రబ్బరుదే కొనండి, తోలు బంతి బయట తొందరగా అరిగిపోతుంది. పరుగు బూట్లు వద్దు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు తిరిగినప్పుడు చీలమండ మడతపడుతుంది. అడుగు చదునుగా, పట్టు గట్టిగా ఉన్న కోర్టు బూట్లు చూడండి. కాలికి సరిపోయేవే కొనండి, వచ్చే ఏడాదికని పెద్ద సైజు తీసుకోవద్దు. సాయంత్రం వాన పడి పెయింట్ వేసిన కోర్టు తడిగా ఉంటే ఆ రోజు గెంతులు మానేసి, బేస్‌మెంట్‌లో కార్లు తిరగని మూల ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ చేయించండి. బంతిలో గాలి సరిపోయిందా అన్నది ఇలా చూడండి: పాప భుజం ఎత్తు నుంచి వదిలితే నడుం దాకా లేవాలి.