ఎంయూఎన్‌లో ‘బెస్ట్ డెలిగేట్’ బహుమతి ఉండాలా, తీసేయాలా?

స్కూల్ ఎంయూఎన్ టీమ్ చూసుకునే టీచర్:

ఆరేళ్లుగా పిల్లల్ని ఎంయూఎన్‌కి తయారుచేస్తున్నాను. తెలియనివారి కోసం చెబుతున్నా: ఎంయూఎన్ అంటే మోడల్ యునైటెడ్ నేషన్స్. ఇందులో ఐక్యరాజ్యసమితి సమావేశం లాంటిదాన్ని పిల్లలే నడుపుతారు. ఒక్కొక్కరికీ ఒక దేశం ఇస్తారు. ఆ దేశం తరఫున మాట్లాడి, మిగతా దేశాలతో కలిసి తీర్మానం రాయాలి. చివరి రోజు, కమిటీని నడిపించే ఛైర్ ‘బెస్ట్ డెలిగేట్’ ఎవరో ప్రకటిస్తారు. ఆ ప్రకటన ఆపేయాలని నా అభిప్రాయం.

పోయిన ఏడాది మా తొమ్మిదో తరగతి అమ్మాయికి వాతావరణ కమిటీలో మాల్దీవులు వచ్చింది. మూడు రోజుల్లో తను మైకు ముందుకు వెళ్లింది రెండుసార్లే. కానీ అన్‌మోడ్‌లో, అంటే కుర్చీలు వదిలి గుంపులుగా చేరి బేరాలాడుకునే సమయంలో, కూర్చున్నదే లేదు. వాతావరణ మార్పు వల్ల దెబ్బతిన్న దేశాలకు ఇచ్చే నష్టపరిహార నిధికి డబ్బు ఎవరు ఇవ్వాలన్న దగ్గర రెండు గుంపులు పంతానికి పోతే, ఇద్దరికీ కుదిరే క్లాజు రాసింది తనే. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన వాతావరణ సదస్సులో ఆ నిధి మీద ఒప్పందం ఎలా కుదిరిందో ముందే చదువుకుని వచ్చింది. తీరా ముసాయిదా టైపయ్యేసరికి స్పాన్సర్ల జాబితాలో, అంటే దాన్ని రాసిన దేశాల పేర్లలో, మాల్దీవులే లేదు. ఆ క్లాజును మైకులో గట్టిగా చదివిన అబ్బాయికి బహుమతి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి నన్ను ఒకటే అడిగింది: “మేడమ్, ఈసారి నేను అన్‌మోడ్‌లో టైమ్ వేస్ట్ చెయ్యకుండా ఎక్కువసార్లు మాట్లాడనా?”

బహుమతి మీద నాకు నమ్మకం పోయింది అక్కడే.

ఒకప్పటి డెలిగేట్, ఇప్పుడు కాలేజీలో:

మేడమ్, ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమే. కానీ నా సంగతి వినండి. ఎనిమిదో తరగతి దాకా నేను క్లాసులో నోరు విప్పింది లేదు. మొదటి ఎంయూఎన్‌లో ‘స్పెషల్ మెన్షన్’ వచ్చింది. ఆ ఒక్క కాగితం చూసుకునే మళ్లీ వెళ్లాను. పొజిషన్ పేపర్ కోసం, అంటే నాకిచ్చిన దేశం వైఖరి రాసే కాగితం కోసం, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు రాత్రుళ్లు కూర్చుని చదివాను. బహుమతి లేకపోతే ఆ వయసులో అంత చదివేవాణ్ని కాదు.

ఇంకో మాట. బహుమతి తీసేసినంత మాత్రాన పెద్ద గొంతు వాళ్లు తగ్గిపోరు. అప్పుడూ మైకు వాళ్లదే అవుతుంది. సరిచేయాల్సింది మార్కులు వేసే తీరు అని నాకనిపిస్తుంది.

టీచర్:

మీ అనుభవాన్ని కాదనను బాబూ. కాకపోతే బహుమతి లేకపోతే పిల్లలు రారు, చదవరు అనడం సరికాదు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 1968 నుంచి జరుగుతున్న థిమున్ అనే అంతర్జాతీయ స్కూల్ ఎంయూఎన్‌లో ఇలాంటి అవార్డులు ఇవ్వరు. అయినా ఎన్నో దేశాల నుంచి స్కూల్ పిల్లలు వెళ్తూనే ఉన్నారు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. బహుమతి వల్ల పిల్లలు ఐక్యరాజ్యసమితి పనిచేసే తీరునే తప్పుగా నేర్చుకుంటున్నారు. సర్వప్రతినిధి సభలో ఎక్కువ తీర్మానాలు అసలు ఓటింగ్ లేకుండా, ఏకాభిప్రాయంతోనే ఆమోదం పొందుతాయి. ఆ ఏకాభిప్రాయం తెచ్చేది గదుల బయట జరిగే మాటలే. నీటి హక్కు మీద 2010లో పెట్టిన తీర్మానానికి ఓటింగ్ జరిగింది: అనుకూలం 122, వ్యతిరేకం సున్నా, తటస్థం 41. ఆ 41 దేశాలు ఎందుకు తటస్థంగా ఉన్నాయో తవ్వితే ఒక పిల్లవాడికి వారానికి సరిపడా చదువు. మన కమిటీల్లో తటస్థంగా ఉన్న పిల్లవాణ్ని ఎవరైనా పట్టించుకుంటారా?

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో మన దేశ ప్రతినిధిగా ఉన్న హంసా మెహతా గారినే తీసుకోండి. మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ‘ఆల్ మెన్’ అని ఉంటే, దాన్ని ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’గా మార్పించారు. 1948లో ఆమోదం పొందిన ప్రకటనలో ఆ మాటే ఉంది. పిల్లలకు నేను నేర్పాలనుకునేది ఆ పట్టుదల, ఒక్క మాట కోసం కూర్చుని ఒప్పించే ఓపిక.

ఒక పేరెంట్:

మా అబ్బాయికి పక్క దేశం మీద దాడి చేసిన దేశం ఇచ్చారు. ఇష్టం లేని పక్షం తరఫున ఆలోచించడం మంచిదే అనుకున్నాను. వాడు బాగా మాట్లాడాడు, బహుమతి కూడా వచ్చింది. ఇంటికొచ్చాక చెప్పాడు, చనిపోయిన పౌరుల లెక్క అడిగితే అప్పటికప్పుడు ఒక నంబరు కల్పించి చెప్పేశానని. “అందరూ అలాగే చేస్తారు నాన్నా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చనిపోయినవాళ్ల లెక్క కల్పించి చెప్తే కప్పు ఇచ్చారు నా కొడుక్కి.

మూడుసార్లు ఛైర్‌గా చేసిన వ్యక్తి:

మీ అబ్బాయి లాంటివాళ్లను నేను కూడా పట్టుకోలేకపోయాను సర్. నలభై మంది పిల్లలు, మైకు ఆగదు, ఒక పక్క మోషన్లు (తర్వాత ఏం చేయాలన్న ప్రతిపాదనలు), ఇంకో పక్క పాయింట్ ఆఫ్ ఆర్డర్లు (నియమం తప్పారన్న అభ్యంతరాలు). ప్రతి అంకె ఎక్కడిదో చూసే తీరిక డయస్ మీద, అంటే ఛైర్లు కూర్చునే వేదిక మీద, ఉండదు. మార్కుల షీటులో ‘దౌత్యం’ అని ఒక కాలమ్ ఉంటుంది. అన్‌మోడ్‌లో గుంపుల మధ్య ఏం జరిగిందో మాకు వినపడదు కాబట్టి, దాన్ని చివర్లో గుర్తున్నంత వరకు నింపేవాణ్ని. గుర్తుండేది ఎక్కువగా మాట్లాడినవాళ్లే. ఇది చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది.

అందుకే నా సలహా: దౌత్యం మార్కులు డెలిగేట్లే వేయాలి. నీతో ఎవరు నిజాయితీగా బేరమాడారు, నీ మాట ఎవరు విన్నారు అని రహస్యంగా రాయించండి. మాల్దీవుల అమ్మాయి పేరు అక్కడ తప్పకుండా వచ్చేది.

ఒకప్పటి డెలిగేట్:

స్నేహితులకే రాసుకుంటారు కదా సర్? ఒకే స్కూల్ నుంచి పదిమంది వస్తే?

ఛైర్‌గా చేసిన వ్యక్తి:

సొంత స్కూల్‌వాళ్లకు రాయకూడదని నియమం పెట్టాలి. అయినా కొంత జరుగుతుంది, ఒప్పుకుంటాను.

టీచర్:

మీ ఇద్దరి మాటలూ రెండు రోజులు ఆలోచించాను. ఈ ఏడాది మా స్కూల్లో జరిపే ఎంయూఎన్‌లో ర్యాంకులు, కప్పులు ఉండవు. దానికి బదులు ప్రతి డెలిగేట్‌కీ ఛైర్ రాసిన అర పేజీ ఇస్తాం: ఏ క్లాజులో నీ చేయి ఉంది, ఎక్కడ తడబడ్డావు, ఏ అంకెకు ఆధారం చూపలేకపోయావు. తోటి డెలిగేట్లు రాసిన రెండు మాటలు కూడా అందులోనే ఉంటాయి. మొదటిసారి వచ్చి నోరు విప్పిన పిల్లవాడికి ఆ సంగతి విడిగా రాస్తాం. ఒకప్పుడు ఈ తమ్ముడికి దొరికిన ధైర్యం వాడికీ దొరకాలి. ప్రసంగంలో చెప్పిన ప్రతి లెక్క ఎక్కడిదో చీటీ మీద రాసి డయస్‌కి ఇవ్వాలి. చీటీ లేని అంకెను ఛైర్ అక్కడికక్కడే అడుగుతారు.

వాతావరణ కమిటీకి ఛైర్‌గా ఆ మాల్దీవుల అమ్మాయినే పెట్టాను. నలభై మందికి అర పేజీ చొప్పున రాయడానికి ఎంత టైమ్ పడుతుందోనని ఇప్పటికే టెన్షన్ పడుతోంది. ఛైర్‌గా చేసిన సర్, అన్‌మోడ్‌లో తిరుగుతూ నోట్స్ రాసుకోవడానికి మీరు వాడిన షీటు ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, తనకు చూపిస్తాను.