బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ వ్యాను లాగడం లేదు: టర్బో మార్చే ముందు ఏం చూడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర కామన్ రైల్ డీజిల్ ఇంజిను (రైల్ అనే ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ అధిక పీడనంతో డీజిల్ అందే రకం), వేరియబుల్ జామెట్రీ టర్బో (ఇంజినులోకి అదనంగా గాలిని నెట్టే పరికరం) ఉన్న సరుకుల వ్యాను ఉంది. ఇప్పటికి 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. ఖాళీగా, చదునైన రోడ్డు మీద నడిపితే ఏ లోటూ తెలియదు. బరువు వేసుకుని ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం, ముందు నల్లటి పొగ వస్తుంది, కొద్ది క్షణాలకే ఇంజిను చచ్చుబడిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఆపైన ఎంత తొక్కినా 3,000 ఆర్‌పీఎం దాటదు. బండిని పక్కకు ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే కొంతదూరం బాగానే వెళుతుంది. డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చాను, తేడా కనిపించలేదు. టర్బో పోయిందని, కొత్తది వేయాల్సిందేనని మెకానిక్ గారు అంటున్నారు. ఆయన మాట తప్పని నేను అనలేను. కానీ అంత పెద్ద భాగం మార్చే ముందు లోపం నిజంగా అక్కడే ఉందని ఎలా తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ఆపి స్టార్ట్ చేస్తే శక్తి తిరిగి వస్తోందంటే, మీరు చూస్తున్నది లింప్ మోడ్, అంటే ఇంజిను శక్తిని తగ్గించి నడిపే స్థితి. అది జబ్బు కాదు, జబ్బును గమనించిన ఈసీయూ (ఇంజినును నియంత్రించే కంప్యూటరు) ఇంజినును కాపాడుకోవడానికి తనంతట తాను విధించే పథ్యం. కాబట్టి లింప్ మోడ్‌ను తొలగించడం గురించి కాక, ఈసీయూ దేన్ని చూసి అనుమానపడిందో ఆలోచించాలి. ఈసీయూలో నమోదైన లోపాల కోడ్‌లను చెరిపేయకుండా ముందు స్కానరుతో చదివించండి. పీ0299 వస్తే బూస్ట్ (ఇంజినులోకి టర్బో నెట్టే గాలి పీడనం) తక్కువైందని, పీ0234 వస్తే ఎక్కువైందని, పీ0087 వస్తే రైలులో డీజిల్ పీడనం సరిపోలేదని అర్థం. వీటిలో ఏ కోడూ ఫలానా భాగం పాడైందని చెప్పదు. పీ0299 చూసి టర్బో మార్చడం, జ్వరం వచ్చిందని థర్మామీటరు మార్చడం కంటే పెద్ద తేడా ఏమీ లేదు.

పొగ రంగు కూడా ఒక సాక్ష్యమే. నల్లటి పొగ వచ్చిందంటే, లోపలికి వెళ్లిన గాలికి మించి డీజిల్ పడిందన్నమాట. డీజిల్ అందక బండి లాగకపోతే సాధారణంగా అంత నల్లగా పొగ రాదు. అందువల్ల నా అనుమానం గాలి వైపే ఉంది. అయినా అనుమానంతో ఆగకుండా, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగు రీడింగులు రికార్డు చేయించండి: ఈసీయూ కోరిన బూస్ట్, వాస్తవంగా వచ్చిన బూస్ట్, కోరిన రైల్ పీడనం, వచ్చిన రైల్ పీడనం. వీలైతే ఎయిర్ ఫ్లో సెన్సరు (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) రీడింగు కూడా తీసుకోండి. బండి నిలబెట్టి రేజ్ చేసి చూసిన అంకెలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే లోడ్ లేనప్పుడు టర్బోకు అసలు పని ఉండదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక జాగ్రత్త చెబుతాను. చాలా స్కానర్లు బూస్ట్‌ను వాతావరణ పీడనంతో కలిపి చూపిస్తాయి. ఇంజిను ఆపి ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసినప్పుడు, సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో ఆ అంకె సుమారు 100 కిలోపాస్కల్ ఉండాలి. అప్పుడే 120 అని చూపిస్తే సెన్సరునే ముందు అనుమానించాలి. అది సరిగ్గా ఉంటే, రోడ్డు మీద 140 కనిపించినప్పుడు టర్బో అదనంగా ఇచ్చింది 40 మాత్రమేనని గుర్తుంచుకోండి. ఈ లెక్క తెలియక బూస్ట్ బాగానే ఉందని అనుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

రీడింగులు తీయించాను. కోడ్ పీ0299. ఇగ్నిషన్ ఆన్‌లో 99 కిలోపాస్కల్. ఎత్తు ఎక్కేటప్పుడు కోరిన బూస్ట్ 220 కాగా వచ్చింది 145. రైల్ పీడనం 1,400 బార్ కోరితే 1,390 వచ్చింది. ఎయిర్ ఫ్లో సెన్సరులో గాలి తక్కువగా ఏమీ లేదని, ఆ ఆర్‌పీఎంకు ఉండాల్సినంత ఉందని స్కానరు చూసినాయన చెప్పారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీరు చివర రాసిన వాక్యమే అన్నిటికంటే విలువైనది. ఎయిర్ ఫ్లో సెన్సరు టర్బోకు ముందు ఉంటుంది, బూస్ట్ సెన్సరు టర్బో తర్వాత ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకున్నా, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజినులోకి పంపేది) తెరుచుకునే ఉండిపోయినా, పొగగొట్టం వైపు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసితో నిండినా, టర్బో బలహీనపడినా సాధారణంగా రెండు చోట్లా అంకె పడిపోవాలి. మీ బండిలో గాలి టర్బో దాకా వస్తోంది, ఇంజిను దాకా చేరడం లేదు. అంటే మధ్యదారిలో, టర్బోకూ, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డుకూ నడుమ ఎక్కడో బయటికి పోతోంది. లోపలికి వచ్చిన గాలి లెక్కనే నమ్ముకుని ఈసీయూ డీజిల్ పోస్తుంది కనుక నల్లటి పొగ కూడా దీనితో సరిపోతుంది.

టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే హోస్‌లన్నింటినీ విప్పి, చేత్తో వంచి చూడండి. బిగించి ఉండగా పైనుంచి చూస్తే చీలిక కనిపించదు, పీడనం పెరిగినప్పుడే అది నోరు తెరుస్తుంది. నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుని ఉన్న చోటును వదిలిపెట్టవద్దు. హోస్‌లన్నీ బాగుంటే ఇంటర్‌కూలరుకు తక్కువ పీడనంతో గాలి పట్టించి, సబ్బునీళ్లతో పరీక్షించాలి. ఇవన్నీ అయ్యాక కూడా ఏమీ దొరకకపోతే, అప్పుడు టర్బోను నియంత్రించే యాక్చుయేటరు వైపు చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

దొరికింది. ఇంటర్‌కూలరు కింది హోస్‌లో, క్లిప్పు అంచు దగ్గర అడుగువైపు రెండు అంగుళాల చీలిక ఉంది. విప్పి వంచేదాకా నాకూ మెకానిక్ గారికీ కనబడలేదు. కొత్త హోస్ వేశాక అదే ఎత్తు మీద, అదే బరువుతో 215 దాకా వచ్చింది, పొగ లేదు, లైటు వెలగలేదు. టర్బో పాతదే ఉంది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

సంతోషం. మీ బండికి డీపీఎఫ్ ఉంటే ఒక పని మిగిలి ఉంది. ఇన్నాళ్లూ వచ్చిన నల్లటి పొగలోని మసి అందులోనే చేరి ఉంటుంది కనుక, స్కానరులో మసి స్థాయి చూసి, ఎక్కువగా ఉంటే రీజెనరేషన్ (ఆ మసిని కాల్చివేయడం) పూర్తయ్యేదాకా ఇంజిను ఆపకుండా నడపండి. అప్పుడు ఫిల్టరులో వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది కాబట్టి ఎండుగడ్డి ఉన్న చోట బండి నిలపవద్దు. సగంలో ఆగిపోయిన రీజెనరేషన్ల వల్ల డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి ఉండవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి కనిపిస్తే, గడువు రాలేదని ఊరుకోకుండా ఆయిల్ మార్పించండి.