మాంటిస్‌ని కూర్చోబెట్టి చంపేశారా, బతికించారా?

శేషు_క్లీవ్‌లాండ్: ఒహాయోలో ఉన్న మనవాళ్ళలో సీడార్ పాయింట్ అమ్యూజ్‌మెంట్ పార్కు చూడనివాళ్ళు తక్కువ. అక్కడి మాంటిస్ సంగతి తేల్చుకుందామనే ఈ చర్చ. నిలబడి ఎక్కే రోలర్ కోస్టర్ అది. 1996లో తెరిచారు. 145 అడుగుల ఎత్తు, గంటకి 60 మైళ్ళ వేగం, నాలుగుసార్లు తలకిందులు. అప్పటికి ఆ రకంలో ప్రపంచంలో అంత ఎత్తైనది ఇంకోటి లేదు. 2014 అక్టోబర్‌లో మూసేశారు. పాత ట్రాక్ మీదే, కాళ్ళ కింద నేల లేని కూర్చునే బళ్ళు ఎక్కించి 2015 మేలో రూగరూ అని తెరిచారు. నా లెక్కలో అది పాడుచెయ్యడమే. మొదటి లూప్ అడుగున ఒంటి బరువంతా అరికాళ్ళలోకి దిగేది, మోకాళ్ళు వణికేవి. కుర్చీలో కూర్చున్నవాడికి అది ఎలా తెలుస్తుంది?

మాధవి_ట్రాయ్: 3,900 అడుగుల ట్రాక్ అలాగే ఉంది. అదే దిగుడు, అవే మలుపులు. పోయిందేమిటండీ?

శేషు_క్లీవ్‌లాండ్: నిలబడడం పోయింది.

మాధవి_ట్రాయ్: ట్రాక్ మారలేదంటున్నాను కదా.

రమణమూర్తి: ట్రాక్ మారకపోవడంతోనే వచ్చింది చిక్కు. నిలబడ్డవాడి తల పట్టాలకి ఇంకాస్త దూరంగా ఉంటుంది. బండి ఒక్కసారిగా పక్కకి వాలితే నడుము కొంచెం ఊగుతుంది, తల మాత్రం గట్టిగా విసురుకుంటుంది. భుజాల మీదకి దిగే బార్లకి చెవులు తగిలేది అందుకే.

కొలంబస్ చిన్నా: రూగరూలోనూ తగులుతాయి అన్నా. రెండూ ఎక్కాను.

శేషు_క్లీవ్‌లాండ్: చూశారా? నొప్పి తగ్గలేదు, ప్రత్యేకత మాత్రం పోయింది.

మాధవి_ట్రాయ్: మీకు నొప్పి అంటే చెవులే. నాది వినండి. వేరే రాష్ట్రంలో ఒక పార్కు, పేరు అనవసరం. ఇలాంటి కోస్టరే ఎక్కాను. కాళ్ళ మధ్య సైకిల్ సీటు లాంటిది ఉంటుంది, మన ఎత్తుకి జరుపుకోవాలి, బండి కదిలేముందు అది అక్కడే బిగుసుకుపోతుంది. నేను పొట్టి. బిగించే అబ్బాయి తొందరలో సీటు పైనే వదిలేశాడు. మడమలు ఆనలేదు. చెయ్యి ఊపాను, అప్పటికే బండి కదిలింది. రైడ్ అంతా మునివేళ్ళ మీదే ఉన్నాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను.

శేషు_క్లీవ్‌లాండ్: ఎక్కడో ఎవరో సీటు సరిగ్గా పెట్టకపోతే మాంటిస్‌ని తీసెయ్యాలా? పడనివాళ్ళు బ్యాగులు పట్టుకుని కింద కూర్చోవచ్చు.

కొలంబస్ చిన్నా: అన్నా, ఆ మాట బాలేదు.

మాధవి_ట్రాయ్: ఇన్నేళ్ళూ మా ఇంట్లో బ్యాగులు పట్టుకున్నది నేనేనండీ. అత్తగారి మందులు, పిల్లల నీళ్ళ సీసాలు, మగవాళ్ళ ఫోన్లు, అన్నీ నా ఒళ్ళోనే. గేటు దగ్గర టికెట్ అందరికీ ఒకే ధర. నాలుగు గంటలు కారు నడిపి వచ్చినవాళ్ళలో సగంమంది కింద నుంచి చూడడానికా పార్కు? రూగరూ వచ్చాక మా పెద్దమ్మాయితో కలిసి ఎక్కాను. దాన్ని మీరు పాడుచెయ్యడం అంటున్నారు.

శేషు_క్లీవ్‌లాండ్: బ్యాగుల మాట అనకుండా ఉండాల్సింది సరే, కానీ నా వాదన వదలను. కూర్చుని ఎక్కేవి ఆ పార్కులో డజనుకి పైగా ఉన్నాయి. నిలబడేది అదొక్కటే. ఒహాయోలోనే ఇంకో పార్కు కింగ్స్ ఐలాండ్‌లో 1984లో కింగ్ కోబ్రా అని నిలబడే కోస్టర్ వచ్చింది. జపాన్ కంపెనీ టోగో కట్టింది, 2001తో ఆగిపోయింది. తర్వాత ఒహాయోకి మిగిలింది మాంటిసే. అదీ పోయాక మా పిల్లలకి ఆ అనుభవం చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళను? అందరికీ అన్నీ సరిపడేలా చేస్తూ పోతే చివరికి అన్నీ ఒకేలా తయారవుతాయి.

రమణమూర్తి: ఇద్దరూ ఒకటి గమనించాలి. కాలిఫోర్నియాస్ గ్రేట్ అమెరికా పార్కులో వోర్టెక్స్ అనే నిలబడే కోస్టర్‌ని 2017లో, సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కులో అపోకలిప్స్ అనేదాన్ని 2019లో ఇలాగే కూర్చునేవిగా మార్చారు. అవన్నీ కట్టింది మాంటిస్ కట్టిన స్విస్ కంపెనీయే, బోలిజర్ అండ్ మాబియార్. అదే కంపెనీ 2023లో సీవరల్డ్ ఆర్లాండో పార్కుకి పైప్‌లైన్ అని మళ్ళీ నిలబడేదే కట్టింది. అందులో సీటు బిగుసుకుపోదు, ఎక్కినవాడితో పాటు పైకీ కిందకీ ఆడుతుంది. తప్పు నిలబడడంలో లేదు, కదలని సీటులో ఉంది.

శేషు_క్లీవ్‌లాండ్: అలాంటప్పుడు ఆ సీటు వచ్చేదాకా మాంటిస్‌ని ఆపి ఉంచాల్సింది.

మాధవి_ట్రాయ్: తొమ్మిదేళ్ళా? పైగా 2014లో ఆ సీటు వస్తుందని ఎవరికి తెలుసు?

శేషు_క్లీవ్‌లాండ్: ట్రాక్ ఎలాగూ మారలేదన్నారు కదా. అలాంటి బళ్ళు ఇప్పుడైనా దాని మీద పెట్టమనండి. ఒక బండి నిలబడేది, ఒకటి కూర్చునేది.

రమణమూర్తి: ఒకే ట్రాక్ మీద రెండు రకాల బళ్ళంటే స్టేషన్‌లో నేల ఒకదానికి ఉండాలి, ఇంకోదానికి తప్పుకోవాలి. లైన్లు కూడా రెండు పెట్టాలి. చెయ్యలేరని కాదు, ఖర్చుకి ఒప్పుకోరు.

మాధవి_ట్రాయ్: ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. శేషు గారూ, టికెట్ ఒకే ధర అన్నదానికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.