దక్షిణాఫ్రికా వారి ఇంటిపేర్లు ఫ్రెంచివి ఎలా అయ్యాయి?

ప్రశ్న: ఇంటిపేర్ల పుస్తకం (తిరుపతి)

మిత్రులందరికీ నమస్కారం. పదేళ్లుగా మన ప్రాంతపు ఇంటిపేర్లను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఎవరి శుభలేఖ చేతికి వచ్చినా ముహూర్తం కంటే ముందు ఇంటిపేరే చూస్తాను. మొన్న మా అబ్బాయితో కలిసి పాత క్రికెట్ మ్యాచ్ చూస్తుండగా, తెర మీద ఇంగ్లీషులో చివర ‘ఎస్’ అక్షరంతో ఉన్న పేరును వ్యాఖ్యాత ‘డుప్లెసీ’ అని పలికాడు. ఆ అక్షరం ఎక్కడికి పోయిందని మావాడు అడిగాడు. అది ఫ్రెంచి పద్ధతి అని మాత్రం చెప్పగలిగాను. ఆ తరువాత డివిలియర్స్, రోసో, దక్షిణాఫ్రికాలో పుట్టి ఆస్ట్రేలియాకు ఆడుతున్న లబుషేన్, నటి చార్లీజ్ థెరన్, ఇలా వరుసగా గుర్తుకు వచ్చారు. వీరి ఆఫ్రికాన్స్ భాష డచ్చి నుండి పుట్టింది కదా, మరి పేర్లు ఫ్రెంచివి ఎలా అయ్యాయి? ఫ్రాన్సు వారు అక్కడ ఎప్పుడైనా పాలించారా? ఈ కుటుంబాలు ఇళ్లలో ఫ్రెంచి మాట్లాడతాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: చరిత్ర మాస్టారు (చిత్తూరు)

అమ్మా, ఫ్రాన్సు అక్కడ పాలించలేదు. ఫ్రాన్సులో ఉండలేక పారిపోయిన వారి పేర్లవి. ప్రొటెస్టెంట్ మతం పాటించే ఫ్రెంచివారిని హ్యూగెనాట్లు అంటారు. 1598లో నాంట్ పట్టణంలో వెలువడిన రాజశాసనం వారికి మత స్వేచ్ఛ ఇచ్చింది. దానిని ఫ్రాన్సు రాజు 14వ లూయీ 1685లో రద్దు చేసి, పాస్టర్లను రెండు వారాల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. మిగిలినవారు దాటిపోవడం మాత్రం నేరం. పట్టుబడిన మగవారిని ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పంపేవారు. అయినా లక్షన్నరకు పైగా జనం సరిహద్దులు దాటారు. వారిలో చాలామంది చేరిన దేశాలలో హాలెండ్ ఒకటి.

నేటి దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం అప్పుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. మనకు దగ్గరలోని పులికాట్‌లో కోట కట్టిన కంపెనీ కూడా అదే. వ్యవసాయం, ముఖ్యంగా ద్రాక్ష సాగు తెలిసినవారు అక్కడ కావలసి రావడంతో, 1688, 1689 సంవత్సరాలలో వచ్చిన ఓడలలో సుమారు రెండు వందల మందిని చేర్చింది. అంత చిన్న గుంపు పేర్లు ఈనాడు ఒక దేశమంతా వినిపించడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. డివిలియర్స్ వంశానికి మూలమైన ముగ్గురు అన్నదమ్ములు 1689లో వచ్చారు. వీరికి ద్రాక్షతోటల పని తెలుసునని కంపెనీవారు ముందుగానే కేప్‌కు ఉత్తరం రాశారు.

ఇక భాష విషయం. వారికి భూములను ఒకేచోట కాక డచ్చి రైతుల భూముల మధ్య ఇచ్చారు. బడిలో పిల్లలకు డచ్చి నేర్పాలని 1701లో కంపెనీ ఆదేశించింది. వారితో వచ్చిన పాస్టర్ పియర్ సిమోన్ 1702లో తిరిగి వెళ్లిపోయాడు. మనుమల కాలానికి ఇళ్లలో ఫ్రెంచి ఆగిపోయింది. 1875లో పార్ల్ పట్టణంలో ఆఫ్రికాన్స్‌కు గుర్తింపు కోసం సంఘం స్థాపించిన వారిలో ముఖ్యుడైన ఎస్.జె. డు టోయ్ కూడా ఫ్రెంచి పేరు గలవాడే.

జవాబు: కేప్‌టౌన్‌లో మూడేళ్లు

మాస్టారు చెప్పినదానికి ఉచ్చారణ గురించి కొంత చేరుస్తాను. నేను ఉద్యోగరీత్యా అక్కడ ఉన్నప్పుడు, కాగితం మీద చూసి ‘జౌబర్ట్’ అని పిలిచిన సహోద్యోగి నవ్వి, తన పేరు ‘యూబేర్’ అని దిద్దాడు. డు టోయ్ పేరులో చివరి ‘టి’ పలకదు. మనం లబుషేన్ అనే పేరును ఆఫ్రికాన్స్ వారు గొంతులోంచి ‘లాబుస్‌కాఖ్‌నే’ అంటారు. అంటే ఒక పేరుకు ఫ్రెంచి పలుకు ఉండిపోయింది, మరొకదాన్ని ఆఫ్రికాన్స్ పూర్తిగా తనదిగా చేసుకుంది.

కొన్నింటికి రాత కూడా మారింది. డచ్చి గుమాస్తాలు చెవికి తోచినట్లు రాయగా విలియోన్ అన్నది ఫిల్యూన్, రూసో అన్నది రోసో, క్రోనియే అన్నది క్రోన్యే, సెనెషాల్ అన్నది సెనెకాల్ అయ్యాయి. ఒక్క సవరణ: విలియోన్ వంశమూలపురుషుడు 1671 ప్రాంతంలోనే కేప్ చేరాడు, అందరూ 1688 ఓడల వారే కారు.

అర్థాలు మీ పుస్తకానికి పనికి వస్తాయి. టెర్‌బ్లాంష్ అంటే తెల్లమట్టి, మారే అంటే చిత్తడి నేల, మాలెర్బ్ అంటే కలుపుమొక్క, లె రూ అంటే ఎర్రజుట్టువాడు. కేప్‌టౌన్‌కు తూర్పున, ‘ఫ్రెంచివారి మూల’ అని అర్థం వచ్చే ఫ్రాన్స్‌హూక్ లోయలో లా మోట్, లా ప్రోవాన్స్ వంటి తోటల పేర్లు ఇంకా ఉన్నాయి. నన్ను దిద్దిన ఆ సహోద్యోగి తెల్లజాతివాడు కాడు. బానిసత్వ కాలం, మిశ్రమ వివాహాల వల్ల ఈ పేర్లు ‘కలర్డ్’ అని పిలిచే మిశ్రమ వంశాల సముదాయంలోనూ ఉన్నాయి. క్రికెటర్ జె.పి. డుమిని ఆ సముదాయం వాడే.

జవాబు: పలమనేరు పాఠకుడు

అదే దేశంలో మన పేర్లకు జరిగినది కూడా తలచుకోవాలి. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులను చెరకు తోటల కూలికి దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నాటాల్ తీసుకెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుండి వెళ్లినవారే. మన చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం, అక్కడి నుండీ వెళ్లారు. అక్కడి దస్తావేజులలో ‘నాయుడు’ చివర రెండు ‘ఓ’ అక్షరాలతో ‘నాయుడూ’ అయింది. ఫ్రెంచివారికి మాట పోయినా ఇంటిపేరు నిలిచింది. మనవారికి మాత్రం కులబిరుదు ఇంటిపేరు గడిలో చేరడంతో, అసలు ఇంటిపేరు చాలా కుటుంబాలలో కాగితం మీదికి రానేలేదు. నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించే విషయం.

ఇంటిపేర్ల పుస్తకం (తిరుపతి)

మాస్టారుకు, మిగిలిన ఇద్దరికీ కృతజ్ఞతలు. తెల్లమట్టి, చిత్తడి నేల అనే అర్థాలు చదివి మావాడు మన మన్నెం, చెరువు పేర్లున్న పుటలు తీసి చూశాడు. పలమనేరు వారు చెప్పినది చదివాక పుస్తకంలో ఒక కొత్త పుట తెరిచాను. నాటాల్ వెళ్లిన బంధువుల ఇంటిపేరు ఇంకా నోటిమాటగా గుర్తున్న కుటుంబాలు ఎవరైనా ఉంటే, ఆ ఇంటిపేరూ వారి ఊరి పేరూ ఇక్కడ రాయగలరు.