ప్రాక్స్‌మాక్స్‌లో రూట్ పెంచాలంటే థిన్ పూల్ తీసేయక తప్పదా?

తిరుపతి ఆఫీసులో ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్: 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, డిఫాల్ట్ ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే లినక్స్ పద్ధతి). 96 జీబీ రూట్‌లో (సిస్టమ్ ఉండే భాగం) ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఫైళ్లు), బ్యాకప్‌లు చేరి 93 శాతం నిండింది. వాల్యూమ్ గ్రూప్‌లో (ఈ భాగాలన్నిటికీ చోటిచ్చే ఉమ్మడి నిల్వ) 16 జీబీ ఖాళీ ఉంది. అది రూట్‌కు ఇస్తే దాని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ రన్నింగ్‌లోనే పెరుగుతుంది, అక్కడ పేచీ లేదు. అయితే మొత్తం వాడేస్తే థిన్ పూల్ (వీఎంల డిస్కులుండే భాగం) మెటాడేటా, అంటే ఏ డేటా ఎక్కడుందో రాసుకునే పట్టిక, పెంచడానికి చోటుండదు. మెటాడేటా నిండిందా, వీఎంలు గోవిందా!

నాకు ఇంకో 100 జీబీ కావాలి. థిన్ పూల్‌ను కుదించడం ఎల్‌వీఎంలో కుదరదు. అందుకే వీఎంలు ఆపి, వీజడ్‌డంప్‌తో (ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ టూల్) బయటి డిస్కుకు తీసి, పూల్ తీసేసి, రూట్ పెంచి, మళ్లీ 'డేటా' పేరుతోనే చిన్న పూల్ కట్టి రిస్టోర్ చేద్దామని. పేరు అదే కాబట్టి స్టోరేజ్ కాన్ఫిగ్ ముట్టుకోనక్కర్లేదు కదా?

వీజడ్‌డంప్‌లో స్నాప్‌షాట్‌లు (వీఎం పాత స్థితుల నకళ్లు) రావు. రెండు వీఎంలకు అవి కావాలి, దారేమైనా ఉందా? రెండో డిస్కును అదే గ్రూప్‌లో కలపమనకండి, ఒకటి పోతే రెండూ పోయినట్టే. విడిగా ఐఎస్‌ఓలకు పెట్టుకోవడమే మేలంటారా?