తిరుపతిలో పెద్దలు ఉచితంగా వినగల సామాజిక శాస్త్ర ఉపన్యాసాలు ఎక్కడ జరుగుతాయి?

నమస్కారం. నేను తిరుపతిలో ఉంటున్న విశ్రాంత ఉద్యోగిని. డిగ్రీలో చదివిన చరిత్ర, అర్థశాస్త్రాలను పరీక్షల బెడద లేకుండా మళ్లీ తీరిగ్గా వినాలని ఉంది. అన్నమాచార్య కళామందిరంలోనూ మహతి ఆడిటోరియంలోనూ సంగీతానికి, ప్రవచనాలకు కొదవ లేదు గానీ, రాయలసీమ కరవు, వలసలు, 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకు వచ్చిన అధికారాలు వంటి వాటిపై సామాన్యులకు అర్థమయ్యేలా తెలుగులో మాట్లాడే చోటు నాకు కనబడలేదు.

1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ సదస్సులు జరుగుతుంటాయి. అయితే ఆ సంగతి పత్రిక జిల్లా పేజీలో మనం చదివేది మరునాడు. అప్పటికి శాలువాలు కప్పడం కూడా అయిపోయి ఉంటుంది. వాటికి బయటివారిని అనుమతిస్తారా? ముందుగా తెలుసుకోవాలంటే ఏ శాఖలో, ఎవరిని అడగాలి? మహిళా విశ్వవిద్యాలయానికి మావంటి పురుషులు వెళ్లవచ్చునా?

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం'లో ఉచిత పాఠాలు ఉన్నాయని ఎరుగుదును. కానీ నలుగురి మధ్య కూర్చుని విని, సందేహం వస్తే లేచి అడగాలన్నది నా కోరిక. గ్రంథాలయాల్లో గానీ, అధ్యాపక, పౌర సంఘాల ఆధ్వర్యంలో గానీ సాయంత్రం వేళ అలాంటివి జరుగుతుంటే దయచేసి తెలియజేయగలరు. చిత్తూరులో అయినా సరే, రాత్రికి బస్సు దొరికితే చాలు.