చైనా విద్యార్థులతో రోజువారీ ఇంగ్లిష్ మాట్లాడించడం ఎలా?

నమస్కారమండీ. చెంగ్దూలో కాలేజీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఇక్కడి ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌లో ఇంగ్లిష్‌కు 150 మార్కులు. అందుకే గ్రామర్, చదవడం గట్టిగానే వచ్చు. నోరు విప్పమంటేనే టెన్షన్, నలుగురిలో తప్పు మాట్లాడితే పరువు పోతుందని.

పుస్తకంలో హోటల్లో ఆర్డర్ ఇచ్చే పాఠాలున్నాయి. కానీ ఇక్కడ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆర్డరూ, డబ్బులూ ఫోన్‌లోని వీచాట్ యాప్‌లోనే అయిపోతాయి. పిల్లలకు ఆ పాఠం ఎందుకో అర్థం కాదు, పాపం. విదేశాలకు చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు నిజంగా కావాల్సింది డాక్టరుకు నొప్పి ఎలా ఉందో చెప్పుకోవడం, గీజర్ పాడైందని ఇంటి ఓనర్‌కు ఫోన్ చేయడం.

ఇలాంటి పాఠాలు చెప్పినవాళ్లు ఉన్నారా? ఏ సందర్భంతో మొదలుపెట్టారు? ఇద్దరిద్దరిని మాట్లాడుకోమంటే వెంటనే చైనీస్‌లోకి వెళ్లిపోతున్నారు, దానికేం చేశారు? దయచేసి చెప్పండి.